బుట్ట ముందు నడిచిన కుక్క

ఫిల్మ్ నగర్‌లో ఫైట్లు నేర్పేవాడు మాస్టర్, స్టెప్పులు నేర్పేవాడు మాస్టర్. కుక్కను కూర్చోబెట్టి, లేపి, హీరో కాళ్ళ దగ్గర పడుకోబెట్టే నేనూ మాస్టర్నే. ముప్ఫై ఏళ్ళు ఆ పిలుపుతోనే కడుపు నింపుకున్నాను. ఇప్పుడు సినిమాల్లో కుక్కలకు పని తగ్గింది. జంతువుతో ఒక్క సీను తీయాలన్నా అనుమతులు, కాగితాలు, డాక్టరు సంతకాలు. అంత తలనొప్పి ఎందుకని కంప్యూటర్లోనే కుక్కను తయారు చేసేస్తున్నారు. దాంతో నాలాంటివాళ్ళం జూబ్లీ హిల్స్ ఇళ్ళకు వెళ్ళి పెంపుడు కుక్కలకు బుద్ధులు నేర్పుతున్నాం. నేర్పాల్సింది కుక్కలకేనా అని చాలా ఇళ్ళలో అనుమానం వచ్చింది కానీ, పైకి అనలేదు.

ఇది నేను చేసిన ఒక పాడు పని గురించి. చేసింది నేనే కాబట్టి పేర్లు ఎవరివీ అక్కర్లేదు.

ఆ ఇల్లు ఒక నిర్మాతది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. కూతురి పెళ్ళికి ఇంకా ఆరు వారాలుందనగా నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి ఆ అమ్మాయి హాల్లో నేల మీద కూర్చుని ఉంది. సోఫా కింద నుంచి రెండు కళ్ళు కనిపిస్తున్నాయి. బ్రీడు కుక్క కాదు, మన వీధికుక్కే. గోధుమరంగు ఒళ్ళు, ఛాతీ మీద తెల్ల మచ్చ. రెండేళ్ళ క్రితం దీపావళి మర్నాడు కృష్ణానగర్ సందులో, సిమెంటు గొట్టంలో వణుకుతూ దొరికిందట. అన్నం పెట్టి బయటికి రప్పించడానికి ఆ అమ్మాయికి మూడు రోజులు పట్టిందట. కుక్కర్ కూత వేసినా, గిన్నె కింద పడినా, గ్యాస్ బండ దొర్లించినా ఇప్పటికీ సోఫా కిందికే పోతుంది.

"అంకుల్, ఇది నాతో అత్తారింటికి రావాలి. అందుకే మిమ్మల్ని పిలిపించాను" అంది.

సంగతేమిటంటే, పెళ్ళికొడుకు వాళ్ళది ఇక్కడి కుటుంబమే. మూడు తరాలుగా హైదరాబాదులో వ్యాపారం. పెళ్ళికొడుక్కి కుక్కంటే ఇష్టమే. వాళ్ళమ్మకే భయం. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్న మనిషి. అయినా మొండిగా కాదనలేదు. "పెండ్లిల అంత మందిల జర బుద్ధిగ ఉంటే తెచ్చుకో బిడ్డా. లేకుంటే వద్దు, నాతోని గాదు" అని చెప్పిందట. న్యాయమైన మాటే. ఆ అమ్మాయి ఆ మాటను పట్టుకుని వేలాడుతోంది.

ఆమె కోరిక చిన్నదే. పెళ్ళిలో ఏదో ఒక మూల కుక్క గొడవ చేయకుండా కూర్చుంటే చాలు. వాళ్ళ నాన్నగారికి అది నచ్చలేదు.

"మూల కూర్చోబెడితే ఎవరికి కనిపిస్తుందండీ? మేనమామలు అమ్మాయిని బుట్టలో మోసుకొస్తారు కదా, ఆ బుట్ట ముందు కుక్క నడవాలి. మెళ్ళో చిన్న పూలదండ. ఎంట్రీ అదిరిపోవాలి మాస్టారూ" అన్నాడు.

"గిట్ల భయపడే కుక్కకు ఆర్నెల్లన్న గావాలె సార్" అన్నాను.

"డేట్ అనౌన్స్ చేసేశాం కదా. ఇక వెనక్కి జరపలేం." తన మాటకు తనే నవ్వాడు.

అక్కడే దండం పెట్టి వచ్చేయాల్సింది. కానీ ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తూ ఉంది. సోఫా కింద ఉన్నది కూడా చూస్తూ ఉంది. సరే అన్నాను.

చెప్పుకోకూడదు గానీ, ఆ ఆరు వారాలూ నేను నా జన్మలో చేయనంత మంచి పని చేశాను. పాత రోజుల్లో మా పద్ధతులు వేరు. కుక్క భయంతో పరుగెత్తే షాట్ కావాలంటే వెనకాల నిలబడి పళ్ళెం మోగించేవాళ్ళం. ఏడుపు ముఖం కావాలంటే పొద్దుటి నుంచి పస్తు పెట్టేవాళ్ళం. ఇక్కడ అవేమీ చేయలేదు. మొదటి వారమంతా సోఫా పక్కన నేల మీద కూర్చుని పేపరు చదువుకున్నాను. దాని వంక చూడను కూడా లేదు. ఎనిమిదో రోజున వచ్చి నా మోకాలు వాసన చూసింది. ఆ రోజు బోరబండ బస్సెక్కి ఇంటికి పోతూ నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటాయన కాస్త జరిగి కూర్చున్నాడు.

తర్వాత మార్కు నేర్పాను. షూటింగులో నటుడు వచ్చి ఆగాల్సిన చోట నేల మీద గుర్తు పెడతారు, దాన్నే మార్కు అంటాం. ఈ కుక్కకు మార్కు ఆ అమ్మాయి పాత చున్నీ. నాలుగు మడతలు పెట్టి నేల మీద పరిచేవాణ్ణి. నడిచి వచ్చి దాని మీద కూర్చుంటే ఇంత కోడి కార్జం ముక్క. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు, పిలవకూడదు, ఇంకేమీ అడగకూడదు. ఇది ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. భయపడే కుక్కకు ధైర్యం నూరిపోయలేం. ఫలానా చోటికి చేరితే అంతటితో అయిపోతుందని మాత్రం నమ్మకం ఇవ్వగలం. ఆ నమ్మకంతోనే అది నడుస్తుంది. నేను దానికి ఇచ్చిన మాట అదే.

సన్నాయి మేళం ఫోన్లో పెట్టి, ఫోన్ దిండు కింద పెట్టి వినిపించాను. రోజుకింత చొప్పున సౌండ్ పెంచాను. నాలుగో వారంలో బుట్ట తెప్పించాం. డ్రైవరు, వాచ్‌మన్, వంటాయన, నేను నలుగురం చేరి ఆ అమ్మాయిని అందులో కూర్చోబెట్టి లేపాం. వంటాయనకు నడుం పట్టేసింది. ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. తన మనిషి గాల్లోకి లేవడం చూసి కుక్క మొదట కుయ్యోమంది. పది రోజులు పోయాక మాత్రం బుట్ట లేవగానే దానంతట అదే ముందుకు తిరిగి, తోక కాస్త ఎత్తి, చున్నీ దాకా నడిచేది. చెవులు రిక్కించే ఉండేవి, అయినా నడిచేది. అది అలా నడిచిన ప్రతిసారీ ఆ అమ్మాయి నా వైపు చూసేది.

పెళ్ళి ఆ ఇంటి లాన్‌లోనే. పొద్దున పదకొండు లోపు ముహూర్తం. సినిమా వాళ్ళంతా వచ్చారు. నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఏళ్ళ తరబడి నాకు ఫోన్ చేయని ఇద్దరు డైరెక్టర్లు ముందు వరసలో కనిపించారు. ఇది ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

పెళ్ళి వీడియో తీసేవాళ్ళు కూడా సినిమా యూనిట్టే. క్రేను, డ్రోను, మండపం పక్కన మానిటర్. కుక్కకు బెల్టు ఉంటే ఫ్రేములో బాగుండదన్నారు. తీసేశాను. మేళం వాళ్ళను మెల్లగా వాయించమని ముందే బతిమాలుకున్నాను, వాళ్ళు మాట మీద నిలబడ్డారు. మేనమామలు బుట్ట ఎత్తారు. కుక్క ఒకసారి వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూసుకుంది. తర్వాత నడిచింది. రెండు వైపులా రెండొందల మంది, పూలు, ఫోన్లు. ఎటూ చూడలేదు. మండపం దగ్గర చున్నీ ఎక్కి, కూర్చుని, నా వైపు చూసింది. కార్జం ముక్క ఇచ్చాను.

పెళ్ళికొడుకు తల్లి అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్న మనిషి, కొంగు దించింది.

"మంచిగనే కూసున్నది గద, పాపం" అంది నాతో. తర్వాత బుట్టలో ఉన్న కోడలి వైపు చూసి తలూపింది. "తెచ్చుకో బిడ్డా, పోనీ."

ఆ అమ్మాయి ముఖం ఎలా వెలిగిందో నేను చూశాను. అంతే. పని అయిపోయింది. గెలిచాం. కథ అక్కడ ఆగి ఉంటే నేను ఇది రాసేవాణ్ణే కాదు.

మానిటర్ దగ్గర నుంచి నాన్నగారి గొంతు వినిపించింది. "ఏంటయ్యా ఇది? కుక్క ఉంది, బుట్ట లేదు!" ఎవరో పెద్దాయన ఫోటో కోసం ఫోన్ పైకెత్తి క్రేను కెమెరాకు అడ్డం వచ్చాడు. నాన్నగారు వాచీ చూసుకున్నాడు. పంతులుగారిని అడిగాడు. ముహూర్తానికి ఇంకా పదిహేను నిమిషాలుంది.

"వన్ మోర్" అన్నాడు.

ఇంకెక్కడైనా అయితే జనం నవ్వేవారు. కూతురి పెళ్ళికి రెండో టేకేమిటని నలుగురూ నాలుగు మాటలు అనేవారు. మా దగ్గర అలా జరగదు. ఆ మాట వినబడగానే మేనమామలు బుట్టను మళ్ళీ మొదటికి మోసుకుపోయారు. చల్లిన పూలను కింది నుంచి ఏరి పళ్ళేల్లో పోశారు. ఇందాక ఏడ్చిన పెళ్ళికూతురి పిన్నిగారు కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఏడవడానికి తన చోట్లోకి వెళ్ళి నిలబడింది. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళే నోళ్ళు తెరిచారు. "ఏందిది, పెండ్లి మల్ల మొదటికెళ్ళి చేస్తరా?" అని ఒకాయన గట్టిగానే అన్నాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

చున్నీ మీద నుంచి కుక్కను లేపాను. లేవలేదు. ఎత్తుకుని తీసుకెళ్ళి మళ్ళీ మొదట్లో నిలబెట్టాను. ఒళ్ళంతా వెనక కాళ్ళ మీద వేసింది. నోరు బిగించి పెదాలు నాక్కుంటోంది. ముందు కాలు ఒకటి గాల్లో పెట్టి కింద ఆనించడం లేదు. వాళ్ళకెవరికీ తెలియని భాష అది. నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. అది నా చేత కాదు, మాట ఇచ్చావు కదా, అంటోంది.

బుట్టలోంచి ఆ అమ్మాయి కిందికి వంగింది. "అంకుల్, ఇంకోసారి చేస్తుందా? కష్టమంటే చెప్పండి. నాన్నకి నేను చెప్తాను."

చెప్పే దారి ఆమే చూపించింది. ఒక్క మాటంటే సరిపోయేది. డైరెక్టర్లిద్దరూ నా వైపు చూస్తున్నారు. అందులో ఒకాయన పక్కవాడితో ఏదో అంటూ నన్ను చూపించాడు కూడా. పైగా వన్ మోర్ అంటే కాదన్న అలవాటు నా నోటికి లేదు. ఎముకల్లో జ్వరం ఉన్న రోజుల్లో కూడా కాదనలేదు.

"ఏం గాదమ్మా, ఒక్కసారేగా" అన్నాను. తర్వాత మానిటర్ వైపు తిరిగి "రెడీ సార్" అన్నాను.

బుట్ట లేచింది. కుక్క నడిచింది. నడిచిందనే అనాలి, పొట్ట నేలకు ఆనేంతగా వంగి పోయింది. సగం దూరం పోయింది. ఈసారి ఇంకా బాగా రావాలని యూనిట్ వాళ్ళలో వాళ్ళే అనుకుని, దారికి రెండు వైపులా పెట్టిన కోల్డ్ ఫైర్ డబ్బాలు వెలిగించారు. దండలు మార్చుకునేటప్పుడు వెలిగించాల్సినవి. ఆ నిప్పురవ్వలు ఒంటికి తగిలినా కాలవట. బుస్సుమంటూ మనిషెత్తు లేచాయి. అవి చూసి మేళం వాళ్ళు గట్టిమేళం అందుకున్నారు.

కుక్క అరవలేదు. భయం మరీ ఎక్కువైతే కుక్కలు అరవవు. వెనక్కి తిరిగి బుట్ట కిందికి దూరింది, తన మనిషి దగ్గరికి. ఒక మేనమామ కాలికి అడ్డం పడింది. ఆయన తూలాడు, బుట్ట ఒరిగింది, ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కింద పడింది. నగలు, జడ, పూలు అన్నీ కలిపి కుక్క మీదే పడింది. కుక్క ఆ బరువు కింద నుంచి కూడా విడిపించుకుని మండపం వైపు ఉరికింది. చున్నీ కోసమే ఉరికిందని నా నమ్మకం. చున్నీని ఎవరో అప్పటికే తీసేశారు, ఫ్రేములో పాత గుడ్డ కనిపిస్తోందని. అక్కడ పెళ్ళికొడుకు తల్లి ఉంది. వెనక స్తంభం, ముందు కుక్క. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మణికట్టు దగ్గర కరిచింది. పట్టుచీర మీద రక్తం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుక్క వంటవాళ్ళ గేటులోంచి రోడ్డు మీదికి పోయింది. నేను వెనకాలే పరుగెత్తాను. వెనక నుంచి ఆ అమ్మాయి దాన్ని పేరు పెట్టి పిలుస్తున్న కేక, దాని మీద "ముహూర్తం దాటిపోతోందమ్మా" అన్న పంతులుగారి గొంతు వినిపించాయి. తర్వాత తెలిసింది, ఆ తల్లి చేతికి తువ్వాలు చుట్టుకుని తలంబ్రాలు అయ్యేదాకా పీటల పక్కనే కూర్చుందట. అప్పుడు ఆసుపత్రికి వెళ్ళిందట. నేనైతే కూర్చునేవాణ్ణి కాదు.

కుక్క మధ్యాహ్నం దాటాక దొరికింది. రెండు వీధుల అవతల, ఒక ఇంటి ప్రహరీకి బండరాయికి మధ్య సందులో ఇరుక్కుని ఉంది. పిలిచాను. మెళ్ళో దండ ఇంకా ఉంది. కార్జం చూపించాను. నన్ను చూసి ఇంకా లోపలికి జరిగింది. చివరికి కర్రకు తాడుతో ఉచ్చు కట్టి బయటికి లాగాను. సినిమా రోజుల్లో వాడి, మళ్ళీ పట్టనని ఎప్పుడో ఒట్టేసుకున్న ఉచ్చుకర్ర అది. దాన్ని నా చేతులతో నేనే కట్టాను.

నాన్నగారు గేటు దగ్గరే ఆపేశాడు. "ఇంట్లోకి తేకండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ఎటైనా తీసుకెళ్ళిపోండి." తిట్టలేదు. తిడితే బాగుండేది. అప్పగింతలు అయ్యాక ఆ అమ్మాయి, గేటు బయట నేను ఆపి ఉంచిన ఆటో దగ్గరికి వచ్చింది. మోకాలి దగ్గర చీర చిరిగి ఉంది. లోపల కుక్క గోనెసంచి మీద ముఖం అటు తిప్పుకుని పడుకుంది. "మీ దగ్గర ఉంచండి అంకుల్. నేనొచ్చి తీసుకెళ్తాను" అంది. కారులో అందరూ ఎదురుచూస్తున్నారు. వెళ్ళిపోయింది.

మాది బోరబండ గుట్ట మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నులకమంచం. ఆ మంచం కిందే కుక్క. నా భార్య అన్నం పెడితే తింటుంది. ఆమె చీర అంచును అంటుకుని బయటికి పోయి వస్తుంది. నేను గుమ్మంలోకి అడుగు పెడితే మాత్రం మంచం కిందికి పోతుంది. అక్కడ తడి చేసుకుంటుంది. నేను ఎనిమిది రోజులు కాదు, నలభై రోజులు నేల మీద కూర్చుని పేపరు చదివాను. నా మోకాలు వాసన చూడటానికి రాలేదు. "నిన్ను జూస్తేనే గజగజ వణుకుతున్నది, జర అవుతల కూసోరాదు" అని నా భార్య కసిరేది. అప్పటి నుంచి నేను బయట అరుగు మీద భోంచేస్తున్నాను.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. కారు గుట్ట కింద ఆపించి నడిచి ఎక్కింది. చేతిలో కొత్త బెల్టు, స్టీలు డబ్బా నిండా కార్జం.

"అత్తయ్యే తెచ్చుకోమన్నారు అంకుల్. సూదులన్నీ అయిపోయాయి. అది భయంతో కరిచింది, పగతో కాదు, భయమంటే ఏందో నాకు ఎరికే బిడ్డా అన్నారు."

నా భార్య కళ్ళు ఒత్తుకుంది. ఎన్నాళ్ళుగానో మా ఇంట్లో వినపడని మంచి మాట అది. ఆ అమ్మాయి మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. వంగి, పేరు పెట్టి మెల్లగా పిలిచింది.

మంచం కోళ్ళు టకటకమని గోడకు కొట్టుకున్నాయి. కుక్క వణుకుకు మంచం కదులుతోంది. ఆమె గాజులు తీసేసింది, పట్టీలు తీసేసింది. ఇంకోసారి పిలిచింది. మంచం కింద నుంచి తడి పాకుతూ వచ్చి ఆమె చున్నీకి తగిలింది. ఆమె లేవలేదు. అలాగే గంట సేపు కూర్చుంది. పిలవడం ఎప్పుడో మానేసింది. ఉత్తినే కూర్చుంది. ఎత్తుకుని బలవంతంగా కారెక్కించనా అని నేను అడగలేదు. అంత మాత్రం సిగ్గు మిగిలింది.

"వద్దులెండి. నన్ను చూసి భయపడుతోంది" అని చివరికి లేచింది. బెల్టు గూట్లో పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అంకుల్, ఆ రోజు నేను అడిగాను కదా, ఇంకోసారి చేస్తుందా అని. అది దాని వల్ల కాదని మీకు అప్పుడే తెలుసా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. మంచం కింద నుంచి కుక్క ఊపిరి వినపడుతోంది.

"తెలుసమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. చెప్పులేసుకుని గుట్ట దిగింది. నేను అరుగు మీదికొచ్చి, కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

లోపలికి వచ్చేసరికి నా భార్య నోటి మీద వేలు పెట్టుకుని నన్ను గుమ్మంలోనే ఆపింది. కుక్క మంచం కింద నుంచి బయటికి వచ్చింది. ఆ అమ్మాయి కూర్చున్న చోట నేలంతా వాసన చూసింది. చుట్టూ రెండుసార్లు తిరిగి, సరిగ్గా అక్కడే, ముఖం గుమ్మం వైపు పెట్టి పడుకుంది. పొద్దున దాకా లేవలేదు.

ఈ సంగతి ఆ అమ్మాయికి నేను ఇంతవరకూ చెప్పలేదు. చెబితే మళ్ళీ గుట్ట ఎక్కి వస్తుంది, దాన్ని ఇంకోసారి పిలుస్తుంది.